బాబిన్ కడుపు బిగిసిన రోజు

హెడ్మాస్టరు కోటుకి గుండీలు కుట్టి మధ్యాహ్నంలోపు ఇచ్చేయాలన్నది ఆ ఉదయం దర్జీ పెట్టుకున్న పని. కానీ కూతురు ప్రాణంగా పెంచుకునే కుందేలు బాబిన్ ముందురోజు నుంచి ఆకు ముట్టలేదు, ఒక్క పెంటికా వేయలేదు. పశువుల డాక్టరు మందిచ్చి, నానబెట్టిన మేత సిరంజితో పట్టమనీ, పొట్ట మెల్లగా నిమరమనీ చెప్పాడు. "పెంటికలు పడితే గండం గడిచినట్టే. పడకపోతే సాయంత్రంలోగా తీసుకురండి, ఇక్కడే ఉంచేసుకోవాలి," అన్నాడు.

బడికి వెళ్తూ కూతురు, "నాన్నా, నేనొచ్చేసరికి బాబిన్ ఇంట్లోనే ఉండాలి," అంది. దర్జీ మాటిచ్చేశాడు. ఆఫీసుకు వెళ్తూ భార్య, "అమ్మకి మాత్రం చెప్పకండి. జబ్బని తెలిస్తే పెరట్లోకి గెంటించేస్తుంది," అంది. దానికీ తలూపాడు.

అత్తగారు వచ్చి వారమైంది. శుభ్రం విషయంలో ఆవిడ ఎవర్నీ నమ్మదు. అల్లుడి ఎదుట నిలబడి మాట్లాడాలంటే మొహమాటం. ఏమున్నా చీపురుతోనే చెబుతుంది.

దర్జీ ఓ గుండీ కుట్టడం, బోను ముందు వంగి చూడటం. మేత పట్టాడు, పొట్ట నిమిరాడు, నూలుకోసం లోపలికెళ్లొచ్చి మళ్లీ వంగాడు. బోను అడుగు అద్దంలా మెరుస్తోంది. అత్తగారు వినకూడదని పెరట్లోకి వెళ్లి డాక్టరుకి ఫోన్ చేశాడు.

"ఒక్కటీ లేదండీ."

"కాస్త తిరగనివ్వండి. కడుపు కదులుతుంది."

తిరగనిచ్చాడు. బల్లమీంచి వేలాడుతున్న హెడ్మాస్టరు కోటును బాబిన్ కిందికి లాగి, అందులో దూరి పడుకుంది. దాన్ని పట్టుకోబోతే సిరంజిలోని పచ్చటి మేత కాస్తా కాలరు వెనక చిమ్మింది. తడిగుడ్డతో తుడిచాడు, ఇస్త్రీ పెట్టాడు. మరక ఇంకాస్త వెడల్పయింది. ఇక టార్చిలైటు పట్టుకుని, మోకాళ్లమీద పాకుతూ, కుట్టుమిషను కింద మూలమూలా వెతికాడు. తలుపు చాటునుంచి చూసిన అత్తగారి ముఖం మాడిపోయింది. అతను మళ్లీ ఫోన్ పట్టుకుని పెరట్లోకి వెళ్లగానే ఫినాయిలు సీసా తీసింది.

"ఇక ఆగొద్దు, తీసుకొచ్చేయండి," అన్నాడు డాక్టరు.

దర్జీకి ఏడుపొక్కటే తక్కువ. కూతురికి ఖాళీ బోను ఏ ముఖం పెట్టుకుని చూపించాలి? బుట్టలో గుడ్డ పరుస్తుండగా హెడ్మాస్టరు ఊడిపడ్డాడు.

"కోటేదయ్యా?"

తొడుక్కున్నాడు. వెనక మరక ఆయనకు కనబడే వీల్లేదు. అద్దం ముందు ఠీవిగా నిలబడి జేబులో చెయ్యి పెట్టాడు. పెట్టిన చెయ్యి మెల్లగా బయటికి తీసి అరచేయి తెరిచాడు. "ఏమిటయ్యా ఇవి?"

గుండ్రంగా, నల్లగా, నిగనిగలాడుతూ గుప్పెడు.

"వేసిందండీ!" దర్జీ కేకేసి ఆయన్ని కావలించుకున్నాడు. "రెండో జేబు కూడా చూడండి సార్!"

కేక విని అత్తగారు చేట, చీపురుతో పరుగెత్తుకొచ్చింది. హెడ్మాస్టరు అరచేయి చూడగానే మొహమాటం ఎగిరిపోయింది.

"అయ్యో, అక్కడ కూడానా! పొద్దుట్నుంచీ ఎత్తిపోస్తూనే ఉన్నాను బాబూ. మీరు వంగి వంగి చూస్తుంటే, ఇల్లు మురికిగా ఉందని నన్నే దెప్పుతున్నారనుకున్నాను. పడ్డది పడ్డట్టే ఎత్తేశాను!"

సాయంత్రం కూతురు వచ్చేసరికి బాబిన్ బోనులో ఆకు నములుతోంది. పక్కనే అత్తగారు ఎంతో కష్టంమీద చేతులు కట్టుకుని కూర్చుంది. హెడ్మాస్టరు తర్వాతి కోటు జేబుల్లేకుండా కుట్టించుకున్నాడు.