తియుర్ ఎవరి పిల్ల?

సుమత్రా నుంచి వచ్చే బతాక్ జనం మాట్లాడితే పోట్లాడినట్టుంటుందనీ, పోట్లాడితే పారిపోవాలనీ జావా దీవిలోని సోలో పట్టణంలో అందరికీ తెలిసిన సత్యం. వినార్తి జోగ్జా నగరంలో కాలేజీకి బయల్దేరే ముందు పెదనాన్న సుదార్మోగారు ఈ సత్యాన్ని ఆమెకు సవివరంగా బోధించారు. ఆయన జన్మలో ఒక్క బతాక్ మనిషినీ చూసి ఎరగరు గనుక ఆయన అభిప్రాయంలో ఎలాంటి కల్తీ లేదు.

హాస్టల్లో వినార్తి గదికి వచ్చిపడింది తియుర్. బతాక్ పిల్ల, పైగా క్రైస్తవురాలు. "బాగున్నావా" అని పలకరిస్తే పక్క వీధిలో మేకలు బెదిరాయి. తియుర్‌కూ ఇంటి దగ్గర తగిన శిక్షణే ఇచ్చి పంపారు: జావా వాళ్లు నోట ఔనంటే కడుపులో కాదనీ, కాదంటే ఔననీ అర్థం. రుజువు తొందరగానే దొరికింది. తియుర్ తను వండిన చేప తినమంటే వినార్తి మర్యాదగా వద్దంది. మళ్లీ మళ్లీ అడిగితేగాని జావాలో కంచం ముట్టకూడదు. తియుర్ ఒక్కసారే అడిగి చేపంతా తినేసింది. మర్యాద దక్కించుకున్న వినార్తి పస్తు పడుకుంది.

ఇలా కొన్ని పస్తులయ్యాక వినార్తి నాగరికతను పక్కనబెట్టి కంచం చాపింది. స్నేహం కుదిరింది. రంజాన్ ఉపవాస మాసంలో తెల్లవారకముందే హాస్టలంతటినీ భోజనానికి లేపే బాధ్యతను ఏకగ్రీవంగా తియుర్‌కే అప్పగించారు. ఆ ఏడు పక్క వీధివాళ్లు కూడా వేళ తప్పలేదు.

కబురు సోలో చేరింది. పెదనాన్న ఉత్తర్వు వెలువడింది: ఆ పిల్లను తీసుకురా, తేడా వస్తే జోగ్జా చదువు బంద్. వినార్తికి కాలేజీ ప్రాణం, తియుర్ అంతకన్నా. దారిపొడుగునా బతిమాలింది.

"మెల్లగా మాట్లాడవే తల్లీ. తినమంటే వద్దను."

"వద్దంటే మళ్లీ అడక్కపోతే?"

"అడుగుతారే."

"మీవాళ్లను నమ్మలేం."

సోలో ఇంట్లో పెద్దమ్మ భోంచేసి వెళ్లమంది. అది కాదనిపించుకోవడానికి అనే మాట. తియుర్ "అలాగే పెద్దమ్మా" అంది, గోడమీది బల్లి కిందపడింది. అడిగి మరీ వడ్డించుకుంది. తన చదువు అయిపోయిందని వినార్తి కళ్లు మూసుకుంది.

పెద్దమ్మ కళ్లు చెమర్చాయి. కాపురానికొచ్చిన నాటినుంచి ఆమె వంట వేడివేడిగా తిన్న అతిథి లేడు. పెదనాన్నకైతే చెవుడొచ్చి ఏళ్లయింది. గట్టిగా మాట్లాడటం అమర్యాద గనుక ఇంటిల్లిపాదీ ఆయనతో గుసగుసలతోనే నెట్టుకొస్తున్నారు. ఆ పూట ఆయనకు ప్రతి మాటా వినబడింది. తియుర్ కబుర్లకు పొరబోయేలా నవ్వారు.

చేతులు కడుక్కుని తీర్పు చెప్పారు: "వినార్తీ, బతాక్ వాళ్ల గురించి నేను చెప్పినదాంట్లో పొల్లు లేదమ్మా. ఈ పిల్ల బతాక్ కాదు. వీళ్ల వంశంలో ఎక్కడో జావా రక్తం ఉండి తీరాలి. నువ్వు దీంతోనే ఉండి చదువుకో."

సెలవుల్లో వినార్తి తియుర్ ఊరు వెళ్లింది. అడక్కముందే కంచం చాపేసరికి పెద్దలు సభ తీర్చి, భుజాన నేత శాలువా కప్పి, తమ వంశనామం ప్రసాదించారు. ఇంత మంచి పిల్ల జావా పిల్ల అయ్యే అవకాశమే లేదని ప్రకటించారు.

ఇప్పుడు రెండు ఊళ్లూ సుఖంగా ఉన్నాయి. పరాయివాళ్లంతా చెడ్డవాళ్లే, మంచివాళ్లని తేలినవాళ్లు మనవాళ్లే. మీకూ అలాంటి స్నేహితుడు ఒకడుండే ఉంటాడు. "నువ్వు మీవాళ్లలా ఉండవు సుమా" అని మీరు మెచ్చుకున్నప్పుడు, పాపం, ఎంత మర్యాదగా నవ్వాడో గుర్తుందా?