ఉపశమనం ఏ అంతస్తుది?

...పైగా, మనిషి దిగులును రెండు అంతస్తులకు సమానంగా పంచిన ఏర్పాటు కన్నా న్యాయమైనదాన్ని మానవజాతి ఇంకా కనిపెట్టలేదు, అనుకున్నాడు తెర్హో, అయస్కాంతపు కుర్చీలో కూర్చుని. లుమిసారి పట్టణపు చికిత్సాలయంలో దిగులుకు మాత్రలిచ్చేది రెండో అంతస్తు. తలకు అయస్కాంతం ఆనించి మెదడును తట్టిలేపేది నేలమాళిగ. ఒక విభాగం వాళ్ళు ఇంకో విభాగం మెట్లు తొక్కరు. (లిఫ్టు రెండింటికీ వెళ్తుంది. దానికి సిగ్గు లేదు.)

ఒట్టి మాత్రలతో అతను శీతాకాలమంతా పైకప్పు చూస్తూ పడుకున్నాడు. ఒట్టి అయస్కాంతం అతన్ని వంటగది దాకా నడిపించి, అక్కడ ఎందుకొచ్చాడో చెప్పకుండా వదిలేసింది. రెండూ కలిశాక, పోయిన గురువారం, అతనికి పక్కింటివాడి మీద కోపం వచ్చింది. ఎంత బాగుండిందో ఆ కోపం.

"ఏమయ్యా, ఎలా ఉన్నావు?" అంది నర్సు సిర్కా, అతని నెత్తిమీద అయస్కాంతపు తీగచుట్ట సర్దుతూ.

"బాధలు తప్ప వింతలేం లేవు."

ఈ దేశంలో దానర్థం అంతా క్షేమమని. బాగున్నానని నోరు తెరిచి చెప్పేవాడి పక్కన బస్సులో ఎవరూ కూర్చోరు.

"వినకు, హిల్కా. వీడు ఇవాళ తల దువ్వుకుని వచ్చాడు," అంది సిర్కా తలుపు వైపు తిరిగి.

తలుపు దగ్గర నిలబడ్డది ఘనత నిర్ధారణాధికారిణి హిల్కా. రోగి తేరుకుంటే ఆ ఘనత ఏ విభాగానిదో తేల్చడం ఆమె పని; ఉపశమనాన్ని ఏదో ఒక్క విభాగం పేరనే నమోదు చేయాలి. (సగం సగం కుదరదు. సగం ఉపశమనం అంటే మిగతా సగం జబ్బేనని పై అధికారుల అభిప్రాయం.)

"తెర్హో గారూ, మామూలు జవాబు కాదు. అసలు జవాబు కావాలి."

తెర్హో చెవులు ఎర్రబడ్డాయి. "బాగున్నాను."

హిల్కా ఒక అడుగు వెనక్కి వేసింది. "ఎప్పట్నుంచి ఇలా?"

"గురువారం నుంచి. మా ఉమ్మడి ఆవిరిస్నానపు గదిలో నా వంతు మొదలైనా పక్కింటివాడు బయటికి రాలేదు. తలుపు బాదాను."

ఆమె మొహం తేటపడింది. ఆవిరిగది వంతు కోసం తలుపు బాదడం ఇక్కడ సంపూర్ణ ఆరోగ్యం కిందే లెక్క. "సంతోషం. ఆ బాదింది మాత్రా, అయస్కాంతమా?"

"నేనే."

"అలాంటి విభాగం లేదండి. ఒకటి చెప్పండి. చెప్పింది ఉంటుంది, రెండోది రేపట్నుంచి ఆపేస్తాం."

"రెండూ ఉంటేనే కదా నేను లేచింది."

"అది మీ అనుభవం," అంది హిల్కా దయగా. "ఎంచుకోకపోతే రెండూ ఆపుతాం. తర్వాత ఒకటొకటిగా ఇచ్చి, ఏది లేపుతుందో చూస్తాం."

"ఈలోగా నేను మళ్ళీ పడిపోతే?"

"అప్పుడు స్పష్టత వస్తుంది."

"ఏం స్పష్టతే తల్లీ," అంది సిర్కా గొణుగుతూ. "మునిగేవాణ్ణి లాగింది కుడిచెయ్యా, ఎడమచెయ్యా అని వదిలేసి చూస్తారా?"

"లోతు తక్కువ చోటే వదులుతాం," అంది హిల్కా.

తెర్హోకు మళ్ళీ కోపం వచ్చింది. పైకప్పు గుర్తొచ్చింది, దాని మీద ఉన్న చెమ్మమరక గుర్తొచ్చింది, ఆ మరకకు తను పేరు కూడా పెట్టుకోవడం గుర్తొచ్చింది. జేబులో చేయి పెట్టి, కాగితంలో చుట్టుకొచ్చిన ఆ రోజు మాత్ర తీశాడు. నేలమాళిగలో మాత్ర మింగిన రోగి చరిత్రలో లేడు. నీళ్ళు లేకుండా మింగి, తల వెనక్కి ఆనించాడు.

"నొక్కు, సిర్కా."

సిర్కా నొక్కింది. యంత్రం టకటకా మొదలెట్టింది.

"ఇందులో ఏది ఎంచుకున్నట్టు?" అని హిల్కా గట్టిగా అడిగింది.

చికిత్స జరుగుతుండగా రోగి మాట్లాడరాదని నిబంధన. తెర్హో నిబంధన పాటించి, కళ్ళు మూసుకున్నాడు.