ఐదు చుక్కల చుట్టాలు

ఇంట్లో మనుషులకన్నా బాక్టీరియాకే ఎక్కువ మర్యాద జరగాలని నా గట్టి అభిప్రాయం. నవ్వకండి! పెద్దపల్లిలోని మా ఇంట్లో మూడు వారాలుగా జరుగుతున్నది అదే.

మా చింటూకు నాలుగో నెల. కడుపు ఉబ్బి ఒకటే ఏడుపు. డాక్టరమ్మ ప్రోబయాటిక్ చుక్కలు రాసింది. రోజుకు ఐదు. ఒక్కో చుక్కలో కోట్ల మంది! అందరూ మంచివాళ్లేనట. వాడి పేగుల్లో కాపురం పెట్టి చెడ్డవాళ్లను చేరనివ్వరట.

మా అత్తమ్మ కిష్టవ్వ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"పురుగులా? పసిపోరని కడుపులకా?"

"మంచియే అత్తమ్మా. పెరుగులో ఉంటయి గదా, వాటికి చుట్టాలు."

చుట్టాలు! ఆ మాట చాలింది. ఇంటికి వచ్చిన చుట్టాన్ని మా అత్తమ్మ ఏనాడైనా తక్కువ చేసిందా?

ఫ్రిజ్ తలుపులో పై అర వాళ్లకు ఇచ్చేశాం. పచ్చిమిరపకాయలు కిందికి దిగాయి. కరెంటు పోతే అత్తమ్మ పరేషాన్: "జర సల్లనీళ్లల్ల పెట్టు పిల్లా, ఉడుకకు సస్తరు!"

మస్కట్ నుంచి వీడియో కాల్‌లో మా ఆయన విజయేందర్ నా ముఖం చూడకముందే అడుగుతాడు: "చుట్టాలు సెట్టయిన్రా?" అత్తమ్మ డైపర్ విప్పి ఫోనుకు చూపిస్తుంది. "రంగు సూడు కొడుకా, బంగారం లెక్క!" ఆయన అక్కడ అన్నం తింటూనే మురిసిపోతాడు.

ఇంత ఆదరణ ఏ అల్లుడికి దక్కింది?

మరి బాలింతనైన నాకో? ఎల్లిపాయ కారం, వేడన్నం. మర్నాడు మార్పు కోసం వేడన్నం, ఎల్లిపాయ కారం. "నువ్వు పెరుగు తింటే పోరనికి సర్ది జేస్తది" అంటుంది అత్తమ్మ, నా ఎదురుగా పెరుగన్నం జుర్రుతూ.

డిగ్రీలో మైక్రోబయాలజీ చదివినదాన్ని. ఊరుకుంటానా? "చుట్టాలు పోరని కడుపులకే పోతున్నరు, వాళ్లుండే పెరుగు నాకు వద్దా?" అన్నాను.

"గది మందు. గిది పెరుగు."

శాస్త్రం అక్కడ ఆగిపోయింది.

నిన్న టీకాకు వెళ్లినప్పుడు డాక్టరమ్మను బతిమాలి చీటీ రాయించాను. తల్లికి, ల్యాక్టోబాసిల్లస్, రోజూ మధ్యాహ్నం, అన్నంలో. చదివి వినిపించి, "పెరుగుల ఉండే మందు అత్తమ్మా" అన్నాను.

చీటీ అంటే అత్తమ్మకు గౌరవం. పెరుగు గిన్నె తెచ్చి నా కంచం పక్కన పెట్టింది. కాన్పయ్యాక ఇదే మొదటిసారి! నా కళ్లు చెమర్చాయి.

పెరుగులో కాసిన్ని నీళ్లు కలిపి చిలికింది. కొంగు ముడి విప్పి, చింటూకు చుక్కలు వేసే మందు గొట్టం తీసి అందులోకి ఆ మజ్జిగ పీల్చింది.

"పోరనికి అయిదు. నువ్వు పెద్దదానివి, పది వేస్త."

పది చుక్కలు. కోట్ల మంది చుట్టాలు. అన్నం మాత్రం పొడిగానే ఉంది!