తుప్పు దొరికింది

"ఈ కోయంబత్తూరులో నా కన్ను దాటిపోయే నేరస్థుడు ఇంగా పుట్టలేదు. పుట్టినా మన పీళమేడు పక్కకు రాడు," అని ప్రకటించాడు రత్నసభాపతి, మీసానికి అంటిన చట్నీ తుడుచుకుంటూ.

శనివారం పొద్దున ఆరో దోసె మీద వెలువడిన ప్రకటన ఇది. భార్య తిరుమలమ్మాళ్ ఏడో దోసె వేసింది. ఎదురుగా కూర్చున్న ఆమె తమ్ముడు సుబ్రమణియం తల ఊపాడు. పక్కిల్లే కాబట్టి బావ గొప్పలు రోజుకొకటి వినడం అతనికి అలవాటే.

రత్నసభాపతి ముప్పై ఏళ్లు నూలు మిల్లులో పనిచేశాడు. దారంలో ముడి ఎక్కడుందో వెతకడం ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక వెతకడానికి దారం లేకపోయేసరికి మనుషుల్ని వెతకడం మొదలుపెట్టాడు. తమిళ డిటెక్టివ్ మాసపత్రికలు అట్టపెట్టెల నిండా చదివి, ఒక భూతద్దం, ఒక నోటుబుక్కు కొనుక్కున్నాడు. ఇప్పటిదాకా ఆయన ఛేదించిన కేసులు రెండు. మాయమైన పాల ప్యాకెట్టు వాళ్ల ఫ్రిజ్‌లోనే దొరికింది. మేడ మీద తచ్చాడిన ఆగంతకుడు కరెంటు మీటరు చూడడానికి వచ్చినవాడని తేలింది, కాకపోతే అతన్ని రెండు గంటలు గదిలో పెట్టి తాళం వేశాక.

ఆ రోజు సుబ్రమణియం దోసెలకు రాలేదు, కారు తాళం చెవి కోసం వచ్చాడు. అది బావ జేబులో ఉంది.

సుబ్రమణియానికి ఒక్కతే కూతురు, కళైవాణి. వాల్పారైలో బడి పంతులమ్మ. సోమవారం తెల్లవారుతూనే కారు తీసుకుని వెళ్తుంది, శుక్రవారం సాయంత్రం దిగి వస్తుంది. ఆళియార్ దాటాక కొండ మీదికి నలభై హెయిర్‌పిన్ మలుపులు. నిన్న సాయంత్రం వస్తూనే ఆ అమ్మాయి, ముందు ఎడమ చక్రం నుంచి సన్నగా ఈల లాంటి కూత వస్తోందని చెప్పింది. బండి నడుస్తున్నంతసేపూ వస్తుందట, బ్రేకు తొక్కితే ఆగుతుందట, వదిలితే మళ్లీ మొదలవుతుందట. అది విన్న దగ్గర్నుంచీ సుబ్రమణియానికి కంటి మీద కునుకు లేదు. పొద్దున్నే మెకానిక్ అయ్యప్పన్ దగ్గరికి తీసుకెళ్దామనుకున్నాడు.

కానీ రత్నసభాపతి దీన్ని హత్యాప్రయత్నంగా తేల్చేశాడు. హంతకుడు కూడా తేలిపోయాడు. అయ్యప్పనే.

దానికి ఆధారం నోటుబుక్కులో ఉంది. రెండు నెలల కిందట వానల్లో ఇదే కారు పొద్దునపూట కీచుమంటుంటే బావా, బావమరిదీ, కళైవాణీ ముగ్గురూ అయ్యప్పన్ షెడ్డుకు వెళ్లారు. అయ్యప్పన్ చక్రం విప్పి చూశాడు. తడికి డిస్కు మీద కాస్త తుప్పు పట్టిందనీ, నాలుగుసార్లు బ్రేకు తొక్కితే అదే పోతుందనీ చెప్పాడు. బ్రేకు ప్యాడ్లు ఇంకా రెండు నెలలు వస్తాయనీ, అప్పుడు ఈల లాంటి కూత తనంతట తానే వస్తుందనీ, వచ్చిన వెంటనే ఆలస్యం చేయకుండా తీసుకురావాలనీ చెప్పి, పైసా పుచ్చుకోకుండా పంపించేశాడు.

తెలుగులో తుప్పు ఇనుముకు పడుతుంది. తమిళంలో తుప్పు అంటే నేరస్థుడి ఆచూకీ. రత్నసభాపతి ఇంట్లో తెలుగు మాట్లాడినా, నేరాల విషయం వచ్చేసరికి తమిళంలోనే ఆలోచిస్తాడు. అందుకని ఆ రోజే నోటుబుక్కులో ఇలా రాసుకున్నాడు: 'చక్రంలో తుప్పు ఉన్నట్టు వాడే ఒప్పుకున్నాడు.'

"యోచన చెయ్యి, సుబ్బూ," అన్నాడు. "రెండు నెలల్లో కూత వస్తాదని ముందే చెప్పినాడు. వచ్చింది. నేరం జరిగేదానికి ముందే తేదీ ఎవడికి తెలుస్తాది?"

"మెకానిక్కుకు తెలుస్తాది బావా."

"దుడ్డు వద్దన్నాడే, అది ఏమిటికి? పని వద్దనే మెకానిక్కును నువ్వెక్కడన్నా చూసినావా?"

సుబ్రమణియం ఆలోచించాడు. నిజమే, చూడలేదు. ఆ ఒక్క క్షణం తడబాటు చాలింది. అరగంటలో కారు అవినాశి రోడ్డు మీద ఒక పెద్ద సర్వీస్ సెంటర్ ముందు ఆగింది.

అది చల్లటి అద్దాల గది. కాఫీ యంత్రం, చేపల తొట్టి ఉన్నాయి. వసంత్ అనే మేనేజరు టై కట్టుకుని వచ్చి, రత్నసభాపతి ఇచ్చిన 'డిటెక్టివ్' విజిటింగ్ కార్డు చదివి, సార్ లాంటి వాళ్లు ఉండబట్టే ఊరు చల్లగా ఉందన్నాడు. అంతటితో ఆ సంస్థ నిజాయితీ మీద దర్యాప్తు పూర్తయింది. పది నిమిషాల తర్వాత వసంత్ ముఖం దిగాలుగా పెట్టుకుని తిరిగొచ్చాడు. ప్యాడ్లూ డిస్కులూ రెండూ పోయాయనీ, ఈ బండితో కొండెక్కితే దిగడం ఉండదనీ చెప్పాడు. సుబ్రమణియం అన్నీ మార్చెయ్యమన్నాడు. పాత సామాను చూపించమని అడగాలన్న ఆలోచన అతనికి రాలేదు. బావకూ రాలేదు, ఆయన మూడో కాఫీ తాగుతున్నాడు.

సాయంత్రానికి కారు వచ్చింది. బారెడు బిల్లు వచ్చింది. కూత మాత్రం పోయింది. వీధి చివరిదాకా నడిపి చూస్తే చక్రం నుంచి చడీచప్పుడూ లేదు. కళైవాణి ఒక్కతే, తీసేసిన పాత ప్యాడ్లు ఎక్కడని అడిగింది. సర్వీస్ సెంటరుకు ఫోన్ చేస్తే పాతసామాను వాడు పట్టుకుపోయాడని చెప్పారు. ఆ అమ్మాయి ముఖం తేటపడలేదు.

ఆదివారం పొద్దున రత్నసభాపతి నేరస్థుణ్ణి పట్టుకోవడానికి బయలుదేరాడు. అయ్యప్పన్ షెడ్డులోకి రహస్యంగా చొరబడాలన్నది పథకం. సుబ్రమణియం కారును నడక వేగంతో పోనివ్వాలి. తాను అవతలి వైపు వంగి, కారు చాటున నక్కుతూ పక్కనే నడవాలి. ఎంత వంగినా తలపాగా కారు కప్పుకు పైనే కనబడుతోందని సుబ్రమణియం చెప్పాడు. నేరస్థులు పైకి చూడరని బావ జవాబిచ్చాడు.

షెడ్డు ఇంకా ఇరవై అడుగులుండగా చర్రుమని శబ్దమైంది. కారు ఆగింది. సుబ్రమణియం దిగి చూసేసరికి బావ పంచె ముప్పాతిక భాగం ముందు ఎడమ చక్రంలోకి చుట్టుకుపోయి ఉంది. మిగిలిన పావు ఆయన చేతిలో ఉంది. చారల నిక్కరు వీధి మొత్తానికి కనిపిస్తోంది.

అయ్యప్పన్ షెడ్డులోంచి బయటికి వచ్చాడు. తిరుమంగళం పక్క నల్లరేగడి ఊరి తెలుగువాడు, యాభై ఏళ్లుంటాయి, చేతులెప్పుడూ గ్రీజుతో నల్లగా ఉంటాయి. లోపలికి వెళ్లి ఒక లుంగీ తెచ్చి ఇచ్చాడు. తర్వాత కారును నెట్టించి లోపల పెట్టి, జాకీ ఎత్తి, పంచె తీయడం కోసం చక్రం విప్పాడు.

పంచె వచ్చింది. అయ్యప్పన్ మాత్రం లేవలేదు. టార్చి వేసి చాలాసేపు లోపలికి చూశాడు.

"దీన్ని ఎవరు చూసినారు సామీ?" అని అడిగాడు.

అన్నీ కొత్తవి వేయించామని సుబ్రమణియం చెప్పాడు. అయ్యప్పన్ పక్కకు జరిగి టార్చి అతని చేతికిచ్చాడు.

"నిన్న వేసిన డిస్కుకు అంచు చుట్టూ ఇంత తుప్పు ఎట్లా వస్తాది, మీరే చెప్పండి."

"తుప్పా?" అన్నాడు రత్నసభాపతి, లుంగీ బిగించుకుంటూ ముందుకు దూరి. "తుప్పు దొరికింది. నేను చెప్పలా?"

అయ్యప్పన్ ప్యాడ్లు విప్పి బల్ల మీద పెట్టాడు. లోపలి వైపుది అట్టముక్కంత పలచగా అరిగి, ఇనుప రేకు బయటపడబోతోంది. రేకు చివర చిన్న కొక్కెం లాంటి ముక్క ఉండాలట. ప్యాడ్ అరిగిపోయినప్పుడు ఆ కొక్కెం డిస్కుకు తగిలి ఈల వేస్తుంది. నన్ను మార్చండి అని చెప్పడానికే కంపెనీవాడు దాన్ని పెడతాడు. అది ఇప్పుడు లేదు. విరిచిన చోట ఇనుము కొత్తగా మెరుస్తోంది.

"ఏమీ మార్చలా సామీ. కూసేదాన్ని విరిచేసినారు. అంతే."

సుబ్రమణియం బల్ల అంచు పట్టుకుని అక్కడున్న టైరు మీద కూర్చున్నాడు. రేపు తెల్లవారితే కళైవాణి ఈ బండిలోనే కొండెక్కేది. నిన్నటిదాకా కారు అరిచి చెప్పింది. దాని నోరు మూయించడానికి తానే సంతకం పెట్టి వచ్చాడు. రత్నసభాపతి జేబులోంచి తీయబోయిన నోటుబుక్కును మళ్లీ లోపలికి తోసేశాడు.

ఫోన్ చేస్తే కళైవాణి స్కూటీ మీద వచ్చింది. బల్ల మీది ప్యాడ్‌కు నాలుగు వైపులా ఫోటోలు తీసింది. తర్వాత అయ్యప్పన్ రాసిచ్చిన చీటీ పట్టుకుని వెళ్లి కొత్త ప్యాడ్లు, డిస్కులు తెచ్చింది. అయ్యప్పన్ పెట్టెలు ఆమె చేతనే విప్పించాడు. చక్రం కమ్ముల సందులోంచి టార్చి వేస్తే ప్యాడ్ మందం కనబడుతుందనీ, రూపాయి బిళ్లలు రెండు ఒకదాని మీద ఒకటి పెట్టినంత కూడా లేకపోతే ఇక ఆగకూడదనీ చూపించాడు. పెడలు మెత్తగా కిందికి దిగినా, బ్రేకు ఆయిలు మట్టం తగ్గినా అప్పుడే రావాలన్నాడు. పాత సామాను ఎవరు విప్పినా చేతికిమ్మని అడగమన్నాడు.

"ఇవ్వనంటే?" అంది కళైవాణి.

"ఇవ్వనన్నాడంటే విప్పలేదని అర్థం అమ్మా."

మధ్యాహ్నం నలుగురూ సర్వీస్ సెంటరుకు వెళ్లారు. కళైవాణి బిల్లునూ పాత ప్యాడ్‌నూ పక్కపక్కన పెట్టి, ఈ రెండూ వినియోగదారుల కోర్టుకు వెళ్లాలా వద్దా అని మాత్రం అడిగింది. అయ్యప్పన్ ఆమె వెనకాల చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కాఫీ తాగుతున్న మిగతా కార్లవాళ్లు ఒక్కొక్కరే లేచి దగ్గరికి వచ్చారు. వసంత్ టై వదులు చేసుకుని, పొరపాటు జరిగిందనీ మొత్తం వాపసు ఇచ్చేస్తామనీ చెప్పాడు. తర్వాత ఉండబట్టలేక, చక్రం విప్పి చూడాలని ఎవరికి తోచిందని అడిగాడు.

అందరూ రత్నసభాపతి వైపు తిరిగారు. ఆయన జీవితమంతా ఎదురుచూసిన ప్రశ్న అది. ఛాతీ పొంగింది, వేలు లేచింది. కానీ పక్కనే అయ్యప్పన్ ఉన్నాడు. ఒంటి మీద ఆ అయ్యప్పన్ లుంగీయే ఉంది.

"నా పంచెకు," అన్నాడు రత్నసభాపతి.

సోమవారం పొద్దున సుబ్రమణియం గడియారం చూస్తూ, ఏమీ తినకుండా అక్కగారింట్లోనే కూర్చున్నాడు. ఎనిమిదిన్నరకు ఫోన్ మోగింది. నలభై మలుపులూ దాటేశాననీ, బ్రేకు తొక్కగానే పడుతోందనీ కళైవాణి చెప్పింది. సుబ్రమణియం సరే తల్లీ, సరే తల్లీ అంటూనే ఉన్నాడు. రత్నసభాపతి ఫోన్ లాక్కున్నాడు. ఆయన మళ్లీ మామూలు మనిషైపోయాడు.

"దారిలో ఎవరన్నా నిన్నే చూస్తా నిలబడినారా, అమ్మణ్ణీ?"

"ఒకడు చూసినాడు మామా," అంది కళైవాణి. "నల్ల మొహం. చుట్టూ తెల్ల గడ్డం."

"ఎక్కడ?"

"పుదుత్తోట్టం దగ్గర. రోడ్డు పక్క చెట్టు మీద కూర్చుని. తోక ఊపతా ఉన్నాడు."

తోక సంగతి వచ్చేలోగానే రత్నసభాపతి ఫోన్ పక్కన పెట్టేసి నోటుబుక్కు తెరిచాడు. 'నల్ల మొహం, తెల్ల గడ్డం' అని మొదలుపెట్టాడు. పెన్ను రాయలేదు. విదిలించాడు, అయినా రాయలేదు.

సుబ్రమణియం తన జేబులోంచి పెన్ను తీసి, మూత తిప్పి, బావ చేతికిచ్చాడు. తర్వాత వంటింట్లోకి తొంగి చూసి, దోసెలున్నాయా అక్కా అని అడిగాడు.