గడియ బిగించవలసి ఉన్నది

లోకంలో గొడవలన్నీ పనులు జరగకపోవడం వల్ల వస్తున్నాయని మీరు అనుకుంటున్నారు. శుద్ధ తప్పు! ఆ పని ఎవరు చెయ్యాలో చెప్పడం వల్ల వస్తున్నాయి.

కావాలంటే ఎవరితోనైనా "నువ్వు ఆ బల్బు మార్చు" అని చూడండి. వెంటనే మొహం ముడుచుకుంటుంది. నేనే ఎందుకంటాడు. పక్కవాడు ఖాళీగానే ఉన్నాడుగా అంటాడు. నిచ్చెన ఏదంటాడు, నడుం నొప్పంటాడు. పాతికేళ్ళ స్నేహం ఒక్క బల్బు దగ్గర మాడిపోతుంది. అదే కాగితం మీద "బల్బ్ టు బి చేంజ్డ్" అని రాసి గోడకి అంటించండి. ఒక్కడి మొహమైనా ముడుచుకుంటుందేమో చూడండి! అవును పాపం, మార్చాల్సిందే అని అందరూ తలూపుతారు. ఆ చీకట్లోనే కలిసిమెలిసి ఉంటారు.

ఇంత శాంతినిచ్చిన ఇంగ్లీషు భాష రుణం మనం ఏ జన్మలో తీర్చుకోగలం?

అందరూ అందలం ఎక్కితే మోసేవాడెవడు అని మన పెద్దలు తలలు పట్టుకున్నారు. తరతరాలుగా జవాబు దొరకని ప్రశ్న. ఇంగ్లీషువాడు ఒక్క ముక్కలో తేల్చేశాడు. "అందలం టు బి క్యారీడ్." అయిపోయింది! పిల్లి మెడలో గంట కట్టేదెవరని ఎలుకలు సభ పెట్టుకుని, తేల్చుకోలేక చెల్లాచెదురయ్యాయట. వాటికి ఇంగ్లీషు రాకపోవడం వల్ల వచ్చిన తంటా అది. "గంట టు బి టైడ్" అని తీర్మానం రాసుకుని, చప్పట్లు కొట్టి, టీ తాగి వెళ్ళిపోయేవి కదా!

ఇదంతా చెప్పడానికి నాకేం అర్హత ఉందని మీరు అడగొచ్చు. ఒక ఆఫీసులో నోట్లు రాసే సెక్షన్‌కి నేను సూపరింటెండెంటుని. ఇరవై ఏడేళ్ళ సర్వీసు. ఈ ఇరవై ఏడేళ్ళలో నేను రాసిన ఏ నోటులోనూ ఫలానా మనిషి ఫలానా పని చెయ్యాలి అన్న మాట దొరకదు. ఫైల్ టు బి పుట్ అప్. మేటర్ టు బి ఎగ్జామిన్డ్. కర్టెన్స్ టు బి వాష్డ్. ఎవరు పెట్టాలి, ఎవరు చూడాలి, ఎవరు ఉతకాలి? ఆ మాట అడిగాడంటే వాడికి ఆఫీసు ఇంగ్లీషు ఇంకా ఒంటబట్టలేదని లెక్క.

ఒకసారి కొత్తగా చేరిన క్లర్కు ఒకాయన "ప్లంబరు రేపు వచ్చి కుళాయి బాగుచేస్తాడు" అని నోటు రాసుకొచ్చాడు. నాకు గుండె గుభేలుమంది. "ఏమయ్యా, ఆ ప్లంబరుకి రేపు జ్వరం వస్తే? వాళ్ళ మావగారు పోతే? నిష్కారణంగా ఒక మనిషిని అబద్ధాలకోరుని చేస్తావా?" అని మందలించి, ఎర్ర సిరాతో కొట్టేసి, "ట్యాప్ టు బి అటెండెడ్ టు" అని దిద్దాను. ఆ కుళాయి ఈనాటికీ కారుతూనే ఉంది. కానీ ఏ ప్లంబరు మాటా తప్పలేదు! పరువు ముఖ్యమా, నీళ్ళు ముఖ్యమా?

ఈ విద్య ఇళ్ళలో కూడా పనిచేస్తుందా అని కొందరు పాఠకులకి సందేహం. నేను ప్రయత్నించాను. మా ఇంట్లో నిరుడు ఒక చిన్న ఓటమి జరిగింది. దాని గురించి తర్వాత చెబుతాను. మర్చిపోతే మీరు గుర్తుచెయ్యనక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మా ఆఫీసు మొదటి అంతస్తులో, మెట్లు ఎక్కగానే ఎడమచేతి వైపు ఆడవాళ్ళ బాత్‌రూమ్ ఉంది. ఆరేళ్ళ కిందట దాని లోపలి గడియ ఊడి కిందపడింది. నేనేమీ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చోలేదు. ఆ సాయంత్రమే నోటు రాశాను. "లాచ్ టు బి ఫిక్స్డ్." మెయింటెనెన్స్ వాళ్ళు దాని కింద "టు బి ఇన్‌స్పెక్టెడ్" అని రాశారు. స్టోర్స్ వాళ్ళు "టు బి ప్రొక్యూర్డ్" అన్నారు. పైవాళ్ళు "టు బి డిస్కస్డ్" అన్నారు. అలా ఊరంతా తిరిగి, "టు బి రీసబ్మిటెడ్" అనిపించుకుని మళ్ళీ నా బల్ల మీదికే వచ్చింది. పుట్టింటికి వచ్చిన ఆడపడుచుని పంపినట్టు కొత్త అట్ట వేసి మళ్ళీ సాగనంపాను. ఆరేళ్ళలో ఆ ఫైలు రెండు కేజీలు పెరిగింది. ఇంత పని జరిగిన గడియ ప్రపంచంలో ఇంకోటి ఉంటుందా?

గడియ లేకపోవడం వల్ల మా ఆఫీసు బాగుపడింది కూడా! అంతకుముందు ఎవరి దారి వారిదిగా ఉండే ఆడవాళ్ళు జంటలు జంటలుగా వెళ్ళడం మొదలుపెట్టారు. ఒకరు లోపల, ఒకరు తలుపు దగ్గర కాపలా. తోడు దొరకనివాళ్ళు లోపల పాట పాడతారు. పాట వినబడిందంటే మనిషి ఉన్నట్టు గుర్తు. మా టైపిస్టుగారు ఎంత బాగా పాడతారో ఇరవై ఏళ్ళుగా మాలో ఎవరికీ తెలియదు. గడియ ఊడబట్టి తెలిసింది! రికార్డు రూమ్ పెద్దావిడకి పాటలు రావు. ఆవిడ ఎక్కాలు చదువుతారు. ఆవిడ పంతొమ్మిదో ఎక్కం దాకా వెళ్ళారంటే ఆ రోజు కడుపు బాగాలేదని మా అంతస్తు మొత్తానికీ అర్థమైపోయేది. ఒకరి ఆరోగ్యం గురించి ఇంకొకరికి ఇంత శ్రద్ధ ఏ ఆఫీసులో ఉంది చెప్పండి?

అలా సుఖంగా సాగిపోతుండగా ఒక కొత్త స్టెనో వచ్చి చేరింది. నెమ్మదైన పిల్ల. పదిమందికీ వినబడేలా పాడమంటే సిగ్గు. కాపలా ఉండమని పెద్దవాళ్ళని అడగాలంటే మొహమాటం. అందుకని ఆ అమ్మాయి తనదైన ఉపాయం కనిపెట్టింది. పొద్దున్న తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం అయిదున్నర దాకా ఒక్క చుక్క నీళ్ళు తాగదు. కుర్చీలోంచి లేవదు. "చూసి నేర్చుకోండి! సీటులోంచి కదలకుండా ఎలా పనిచేస్తోందో" అని సెక్షన్ అందరి ముందూ మెచ్చుకున్నది నేనే.

నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం డిక్టేషన్ తీసుకుంటూ నా బల్ల ముందే పడిపోయింది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. మూత్రంలో ఇన్ఫెక్షన్, కిడ్నీలదాకా వెళ్ళిందన్నారు డాక్టరుగారు. పదిరోజులు ఆసుపత్రి. నేను తక్షణం స్పందించాను. "స్టాఫ్ టు బి అడ్వైజ్డ్ టు డ్రింక్ వాటర్" అని సర్క్యులర్ తీయించాను.

ఆ మర్నాడు మా ఆఫీసు ఊడ్చే అక్క నా బల్ల దగ్గర ఆగింది. ఆవిడ కంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా ఆవిడని అక్కా అనే పిలుస్తారు.

"ఆ పిల్లకి ఎలా ఉంది సార్?"

"తగ్గుతుందిలే అక్కా."

"గడియ లేకనేగా ఇదంతా?"

"ఫైలు నడుస్తోంది అక్కా."

"ఆరేళ్ళుగా నడుస్తూనే ఉంది. కాళ్ళు నొప్పి పుట్టవా సార్ దానికి?" అని చీపురు తీసుకుని వెళ్ళిపోయింది.

చదువుకోనివాళ్ళతో వచ్చిన చిక్కే ఇది. ఫైలు కదలడం, పని కదలడం ఒకటేననుకుంటారు!

తర్వాతి రోజు పొద్దున్న అక్క ఇంటి నుంచి ఒక స్క్రూడ్రైవరు, నాలుగు స్క్రూలు, పారేసిన పాత బీరువా తలుపుకి ఉన్న గడియ పట్టుకొచ్చింది. ఎవరినీ అడగలేదు. నా టీ ఇంకా చల్లారలేదు, ఆవిడ పని ముగించేసింది! లోపలికెళ్ళి గడియ పెట్టుకుని, "ఎవరైనా తొయ్యండే!" అని కేకేసింది. టైపిస్టుగారు తోశారు. రికార్డు రూమ్ పెద్దావిడ భుజంతో తోశారు. తలుపు కదల్లేదు. పెద్దావిడ ఆ తలుపుకే ఆనుకుని నిలబడి కొంగుతో కళ్ళొత్తుకున్నారు. ఆ రోజంతా మా అంతస్తులో పాట లేదు, ఎక్కం లేదు. ఆ నిశ్శబ్దంలో నాకు ఒక్క నోటు కూడా రాయబుద్ధి కాలేదు.

పదకొండింటికి పెద్దాఫీసరుగారు పిలిచారు. ఆయన మొహం ఎర్రగా ఉంది. ఆఫీసు ఆస్తి మీద అనుమతి లేకుండా చెయ్యివేశారట! "హూ హాజ్ డన్ దిస్?" అన్నారు.

హూ! ఎవరు! పాఠకులారా, ఇరవై ఏడేళ్ళలో ఆ గదిలో ఆ మాట వినబడడం అదే మొదటిసారి. గడియ బిగించవలసిన మనిషి ఎవరో ఆరేళ్ళు వెతికినా దొరకలేదు. బిగించిన మనిషి ఎవరో అరగంటలో దొరికింది! ఇంటిపేరు, తండ్రి పేరు, చేరిన తేదీ, కాంట్రాక్టు నంబరుతో సహా దొరికింది.

అక్కది కాంట్రాక్టు ఉద్యోగం. నెలాఖరుకి రెన్యూ కావాలి. పేరు మీద ఒక్క మెమో పడితే చాలు, ఒకటో తారీఖు నుంచి గేటు బయటే. మంచాన పడ్డ మొగుడూ, చదువుకుంటున్న ఇద్దరు ఆడపిల్లలూ ఆ ఉద్యోగం మీదే బతుకుతున్నారు. "స్ట్రాంగ్‌గా ఒక నోట్ రాసి తీసుకురండి" అన్నారు ఆఫీసరుగారు.

వచ్చి కూర్చున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, రెండు కాగితాలు మొదలుపెట్టి చింపేశాను. తలుపు సందులోంచి చూస్తే అక్క వరండా తుడుస్తోంది. టైపిస్టుగారు టైపు ఆపేసి నా కలం వైపే చూస్తున్నారు. అప్పుడు నేను నా ఇరవై ఏడేళ్ళ విద్యనంతా కూడదీసుకుని రాశాను.

"ఎక్స్‌ప్లనేషన్ టు బి కాల్డ్ ఫర్. రెస్పాన్సిబిలిటీ టు బి ఎస్టాబ్లిష్డ్. స్ట్రింజెంట్ యాక్షన్ టు బి టేకెన్."

ఆఫీసరుగారు రెండుసార్లు చదివారు. మొహం విప్పారింది. "స్ట్రింజెంట్! గుడ్, వెరీ గుడ్" అని సంతకం చేశారు. అందులో అక్క పేరు లేదు. ఎవరి పేరూ లేదు. ఆ సంజాయిషీ ఎవరు అడగాలి, ఎవరిని అడగాలి, ఎవరు చర్య తీసుకోవాలి? ఆ మాట అడిగాడంటే వాడికి ఆఫీసు ఇంగ్లీషు రాదని ఇందాకే చెప్పాను కదా!

ఆ ఫైలు మెయింటెనెన్స్‌కి వెళ్ళింది. వాళ్ళు "టు బి ఎగ్జామిన్డ్" అన్నారు. స్టోర్స్‌కి వెళ్ళింది. వాళ్ళు "లాచ్ టు బి వెరిఫైడ్" అన్నారు. ఇప్పటికి మూడు నెలలు. మనకేమీ తొందర లేదు. ఇంకో అయిదున్నరేళ్ళు నిశ్చింతగా తిరుగుతుంది. అక్క కాంట్రాక్టు మాత్రం ఏ అడ్డూ లేకుండా రెన్యూ అయింది. స్టెనో అమ్మాయి తిరిగొచ్చింది. ఇప్పుడు బల్ల మీద ఇంత పెద్ద నీళ్ళ బాటిల్ పెట్టుకుంటోంది.

చూశారా మరి? ఈ విద్య ఒక కుటుంబాన్ని నిలబెట్టింది! ఇక మీలో ఎవరైనా దీన్ని తిడితే నేను ఊరుకోను.

నిన్న సాయంత్రం నేను సంచి సర్దుకుంటుంటే అక్క వచ్చింది.

"టైపిస్టమ్మ అంతా చెప్పింది సార్. మీ మేలు మర్చిపోను."

"దానికేముందిలే అక్కా" అన్నాను, కొంచెం గర్వంగానే.

"ఒక్క మాట అడగనా, ఏమీ అనుకోరుగా? మీరు ఇంటికెళ్ళే దారిలో, బస్టాండు ఎదురుగా ఇనుప సామాన్ల కొట్టుంది కదా సార్?"

"ఉంది."

"ఆరేళ్ళ నుంచీ ఉందా?"

నేను సంచి జిప్పు వేసుకున్నాను. అక్క కిటికీలు మూసుకుంటూ వెళ్ళిపోయింది.

ఉంది. కొట్టు పాతికేళ్ళ నుంచీ ఉంది. గడియలు కూడా ఉన్నాయి, తలుపు పక్కనే తాడుకి వేలాడదీసి ఉంటాయి. ఇందాక మా ఇంట్లో ఒక ఓటమి అన్నానే, అది మా బాత్‌రూమ్ గడియ సంగతి. నిరుడు ఊడిపోతే, అలవాటు కొద్దీ కాలెండరు మీద "లాచ్ టు బి ఫిక్స్డ్" అని రాసిపెట్టాను. మా ఆవిడ ఆ కాలెండరు మేకు మీంచి తీసి నా ఒళ్ళో పడేసింది. "మీరే వెళ్ళండి, మీరే తెండి, మీరే బిగించండి. పిల్ల స్నానానికి వెళ్ళాలి" అంది. వెళ్ళాను. తెచ్చాను. బిగించాను. మొత్తం అరగంట పట్టింది.