ఎర్లెన్‌బాఖ్‌లో పుంటికూర

నీడ లేకపోయినా మనిషి బతుకుతాడు గానీ, ఉంటున్న చోటి పేరుకు అర్థం తెలియకుండా ఎలా బతుకుతాడండీ? దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో పైపుల ఫ్యాక్టరీ కార్మికుడు భోజన్న పదకొండేళ్లు అలాగే బతికాడు, పాపం. అతని లేబర్ క్యాంపుకు ‘బ్లాక్ సి’ అని తప్ప పేరే లేదు!

పోయిన ఏడాది కంపెనీ జర్మన్ల చేతికొచ్చింది. కొత్త ముదీర్, అంటే మేనేజరు, వస్తూనే కార్మికుల కష్టం కనిపెట్టాడు. మంచినీళ్ల కూలర్ చెడిపోయిందనా? ఛ, అంత చిన్న విషయాలు పెద్దవాళ్ల కంటికి ఆనుతాయా! క్యాంపుకు తన సొంతూరి పేరు పెట్టాడు: ఎర్లెన్‌బాఖ్. ఎర్లె అంటే నీటి ఒడ్డున పెరిగే ఒక చెట్టు, బాఖ్ అంటే వాగు. ఈ పురాణమంతా నాలుగు భాషల్లో స్టీలు బోర్డు మీద చెక్కించారు. తెలుగు లేదనుకోండి. ఎర్రటి ఎండలో నిలబడి వాగు గురించి చదువుకుంటే ఎంత చల్లగా ఉంటుందో మీకేం తెలుసు?

భోజన్నకు ఆ అర్థం విడమరిచి చెప్పింది సూపర్‌వైజర్ సనావుల్లా, నిజామాబాద్ మనిషే. వినగానే భోజన్న పొంగిపోయాడు. అతని సొంతూరు చింతకుంట మరి. ఊరికి చెట్టు పేరు పెట్టుకున్నవాళ్లు పచ్చని మొక్కను కాదంటారా?

గది వెనక ఏసీ నీళ్లు కారేచోట, పెయింటు డబ్బాలో, రెండేళ్లుగా పుంటికూర, అదే గోంగూర, పెంచుతున్నాడతను. భార్య భూమవ్వ గుడ్డలో ముడేసి ఇచ్చిన విత్తనాలవి. ఆదివారం గదిలోని ఎనిమిది మందికీ పప్పులోకి ఆ ఆకే దిక్కు. కొత్త గడపకు పచ్చని కొమ్మ కట్టకుండా ఉండలేని మనిషి, ఉత్త బోర్డును చూస్తూ ఊరుకుంటాడా? ప్రారంభోత్సవం పొద్దున ఆ డబ్బా కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి, తెచ్చి బోర్డు కింద ఉంచాడు.

గంటలో దాన్ని చెత్తబండిలో వేశారు. లిస్టులో లేని మొక్కట. అక్కడ ప్లాస్టిక్ ఎర్లె చెట్టు నిలబెట్టారు. రోజూ దాని దుమ్ము కడిగే డ్యూటీ ఎవరికిచ్చారంటారు? మొక్కలంటే ప్రాణమిచ్చే భోజన్నకే! కంపెనీకి ఆ మాత్రం గుణగ్రహణం లేదా?

ఇప్పుడు అక్కడ చెట్టుంది, దాని కింద రోజూ రెండు బకెట్ల నీళ్లు పారుతున్నాయి. బోర్డు మీది మాట నిజమైంది. ఆదివారం పప్పే చప్పగా ఉంటోంది. పుంటికూర ఎట్లున్నదని భూమవ్వ ఫోన్‌లో అడిగితే, మంచిగనే ఉన్నదని చెప్పి, ఆ పూట భోజన్న అన్నం ముట్టలేదు.

మొన్న, భూమవ్వ ముడిలో మిగిలిన గుప్పెడు విత్తనాలు పట్టుకుని సనావుల్లా దగ్గరికి వెళ్లాడు.

“సాబ్, ముదీర్‌కు చెప్పి గీ పుంటికూరకు గూడ ఒక జర్మనీ పేరు పెట్టిపియ్యున్రి. పేరుంటె పీకరు గద.”