రేకు నమస్కారం

"ఉప్పళం వాసులారా, వణక్కం! ఇంతకాలం మీ బిడ్డలు ఏ అండా లేకుండా, తమంతట తామే పడి లేచి నడక నేర్చుకున్నారు. ఇకమీద ఆ దిక్కులేనితనం లేదు! బాలల నడక అభివృద్ధి బోర్డు ఛైర్మన్, మన ప్రియతమ నాయకులు తలైవర్ గుణశేఖరన్ గారి పుట్టినరోజు సందర్భంగా, నడక రాని ప్రతి బిడ్డకూ ఒక నడకబండి ఉచితం! తలైవర్ చెయ్యి పట్టుకుని తొలి అడుగు వెయ్యండి!"

ఆటోకు కట్టిన మైకులో ఈ శుభవార్తను వీధి వీధికీ మోసుకొచ్చినవాడు వార్డు సెక్రటరీ దినకరన్. వాకిట్లో గాజులు ఏరుకుంటున్న కనకమ్మ విని ముక్కున వేలేసుకుంది. నడకకు ఒక బోర్డు ఉందని, దానికొక ఛైర్మన్ ఉన్నాడని ఆమెకు అప్పటిదాకా తెలియదు. తెలియకుండానే ఒక జీవితమంతా నడిచేసింది. ఆమె కొడుకు నరేంద్రన్ కూడా ఏ బోర్డు సాయమూ లేకుండా గోడ పట్టుకుని నడిచినవాడే. అందుకేనేమో పాపం, ఫుట్‌పాత్ మీది గాజుల అంగడి దగ్గరే ఆగిపోయాడు.

ఆ మాటకొస్తే దినకరన్ నడక కూడా కనకమ్మ చలవే. మూడో ఏడు వచ్చినా చంక దిగని పిల్లాణ్ణి వాళ్ళమ్మ అంగడికి ఎత్తుకొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకునేది. వీధిలో సగానికి సగం పెంకులెగిరిపోయిన తుఫాను ఏడాది అది. కనకమ్మ దారానికి గుచ్చిన గాజుల మలారం ఒకటి తీసి, వాడి ఎదురుగా గలగలలాడించింది. ఆ సద్దుకు వాడు లేచాడు, తూలాడు, నడిచాడు. నడిచి నడిచి వార్డు సెక్రటరీ అయ్యాడు. గాజులవాళ్ళ ఇళ్ళల్లో పిల్లలకు నడక నేర్పేది ఇప్పటికీ అట్లాగే. ఖర్చు లేని పని కనుక అది పథకం కాలేకపోయింది.

పుట్టినరోజు నాడు షామియానా కింద బండ్లు పంచారు. కనకమ్మ మనవరాలు చరితకూ ఒకటి వచ్చింది. మామూలు మూడు చక్రాల కొయ్య బండే. కాకపోతే బిడ్డ పట్టుకునే పిడి మీద, బిడ్డకేసి చూస్తూ, తలైవర్ ముఖం రేకు మీద అచ్చేసి నిలబెట్టారు. ఆ ముఖం ముందు రెండు రేకు చేతులు విడిగా కత్తిరించి, నమస్కారం పెడుతున్నట్టు ముందుకు వంచారు. బండి కదిలితే ఆ చేతులు ఊగుతాయి. నడిచినంతసేపూ బిడ్డ కళ్ళ ముందు తలైవర్ ఉండాలని, ఓటు లేని వాళ్ళకు కూడా ఆయన దండం పెడుతూనే ఉండాలని బోర్డు ఎంతో ఆలోచించి చేసిన ఏర్పాటు.

కనకమ్మకు ఒక అలవాటుంది. ఎవరి చేతికి గాజు తొడిగినా, ముందు దాని అంచు చుట్టూ వేలు తిప్పి చూస్తుంది. ఎక్కడ గరుకు తగిలినా పక్కన పడేస్తుంది. ఇన్నేళ్ళలో ఆమె తొడిగిన గాజుకు ఒక్క మణికట్టు గీరుకోలేదు. బండి అందుకోగానే ఆ వేలు దానంతటదే రేకు అంచు మీదికి పోయింది. పోయి, ఆగింది. దినకరన్ అప్పటికే ఆ ముఖానికి కుంకుమ బొట్టు పెట్టి కర్పూరం తిప్పి ఉన్నాడు. అంత పెద్దమనిషి మూతి మీద వేలు పెట్టి గరుకు చూడటం మర్యాదేనా? కనకమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని, తిరిగి దండం పెట్టింది.

బండి ఇంటికొచ్చిన వారం తిరక్కముందే చరిత గడప దగ్గర తట్టుకుని ముందుకు పడింది. తలైవర్ నమస్కారం సరిగ్గా బిడ్డ గడ్డంలో దిగింది. రక్తం కారి గౌను తడిసిపోయింది. కనకమ్మ, కోడలు అనుప్రియ బిడ్డను ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తారు. మూడు కుట్లు పడ్డాయి.

"ఏం తగిలింది?" అని డాక్టరు అడిగాడు.

"తలైవర్ చేతులు సార్" అంది అనుప్రియ.

డాక్టరు పెన్ను ఆపి తలుపుకేసి ఒకసారి చూశాడు. "కింద పడింది" అని రాసుకున్నాడు.

కబురు తెలిసి దినకరన్ చెప్పులు విడవకుండానే వచ్చేశాడు. అంత ఆత్రం. నేరుగా బండి దగ్గరికి పోయి గొంతుక్కూర్చున్నాడు.

"అయ్యయ్యో! బొటనవేలు వంగిపోయిందే!"

"బిడ్డకు బొటనవేలు బాగనే ఉండాది నాయనా. గడ్డం తెగింది" అంది కనకమ్మ.

"బిడ్డది కాదవ్వా. తలైవర్‌ది." జేబురుమాలు తీసి రేకు మీద ఆరిన రక్తం తుడిచాడు. "కంప్లెయింట్ ఇస్తానని అంటా ఉండావంట?"

"నాకు కంప్లెయింట్ వద్దు, పాడూ వద్దు. వీధిలో ఉండే బండ్లన్నిటికీ ఆ చేతులు పీకేయండి, చాలు. ఎదురింటి శివగామి మనవడు సుజిత్ ఇప్పుడిప్పుడే నిలబడతా ఉండాడు. వాడు మా బిడ్డకన్నా పొట్టి. దీనికి గడ్డం కాడ తగిలింది వానికి కంటి కాడ తగుల్తాది. కన్ను పోతే మీ బోర్డు తెచ్చిస్తాదా?"

"తలైవర్ చేతులు పీకాలంటే పైనుంచి ఆర్డర్ రావాలవ్వా. ఎవురుబడితే వాళ్ళు పీకేదానికి అవి ఏమన్నా మామూలు చేతులా?" లేస్తూ, దినకరన్ ఎంతో ఆప్యాయంగా అడిగాడు. "మన నరేంద్రన్ అంగడి ఇంకా ఫుట్‌పాత్ మీదనే కదా? ఎవురూ ఏమీ అనడం లేదు కదా? సంతోషం, సంతోషం."

ఆ పరామర్శ తరవాత ఇంట్లో అన్నం ఎవరికీ దిగలేదు.

"ఊరికే ఉండమ్మా" అన్నాడు నరేంద్రన్. "కంప్లెయింట్ ఇస్తే రేపే అంగడి ఎత్తేస్తారు. బిడ్డకు కుట్లు ఆరిపోతాయి. ఇంక ఆ బండి తాకనియ్యకుంటే సరి."

"మన బిడ్డను తాకనియ్యం. ఎదురింటి బిడ్డ?" అంది అనుప్రియ.

"ఎదురింటి బిడ్డే కదా!"

అనేశాక, ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అన్నట్టు నరేంద్రన్ తల దించుకున్నాడు. వాడు పాకే రోజుల్లో కుంపటి మీద పడబోతే ఒక్క దూకు దూకి లాగింది ఎదురింటి శివగామే. ఆమె ముంజేతి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. గాజులు తొడిగినప్పుడల్లా కనకమ్మకు కనబడుతుంది.

మరునాడు ఎదుటి పార్టీ నాయకుడు చెంగల్రాయన్ ఫోటోగ్రాఫరును వెంటబెట్టుకుని వచ్చాడు. అన్యాయం అంటే ఆయనకు పడదు. బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకుని కట్టు కేసి చూశాడు.

"ఎన్ని కుట్లు పెద్దమ్మా?"

"మూడు నాయనా."

"మూడేనా?" ఆయన ముఖం వాడిపోయింది. "సరి, పోనీ. కట్టు కొంచెం పెద్దది చేద్దాం. ఈ కంటి మీదుగా తిప్పి కట్టండి."

"కంటికి ఏమీ కాలేదే!"

"ఇప్పుడు కాలేదు. అయ్యుంటే? నువ్వే కదా పెద్దమ్మా, కన్ను పోతాదని వీధంతా చెప్తా ఉండావు. ముందుగా కట్టేస్తే తప్పేంది?"

"సరే, కట్టుకో. ఇప్పుడే నాతో స్టేషన్‌కు వస్తావా, కంప్లెయింట్ రాసిచ్చేదానికి?"

చెంగల్రాయన్ జాలిగా నవ్వాడు. "కంప్లెయింట్‌కు ఒక కాలం ఉంటాది పెద్దమ్మా. ఎలక్షన్ దగ్గర పడనీ. అప్పుడు మన బిడ్డ గడ్డం మీద రాజ్యమే మారిపోతాది. అంతవరకు కుట్లు ఆరిపోకుండా చూసుకోండి."

ఆయన వెళ్ళాక కనకమ్మ వాకిట్లోకి వచ్చింది. ఎదురింటి అరుగు మీద సుజిత్ తన బండి పిడి పట్టుకుని, తలైవర్ చేతుల్లోకి తొంగిచూస్తూ ఊగుతున్నాడు. కనకమ్మ ఇంట్లోకి పోయి కొడుకుతో చెప్పలేదు, కోడలితో చెప్పలేదు. చీర కుచ్చెళ్ళు దోపుకుని, తమ బండిని తోసుకుంటూ స్టేషన్‌కు నడిచింది. దారి పొడుగునా తలైవర్ ఆమెకు నమస్కారాలు పెడుతూనే వచ్చాడు.

స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్ వెట్రివేల్ టోపీ తీసి టీ తాగుతున్నాడు. గుమ్మంలో తలైవర్ ముఖం కనబడగానే గ్లాసు పెట్టేసి, పోలీసు ఎర్ర టోపీ తగిలించుకుని, లేచి సెల్యూట్ కొట్టాడు. తరవాతే వెనక ముసలామె ఉందని గమనించాడు.

"ఏంది పాట్టీ, ఏందవ్వా ఇది?"

"కంప్లెయింట్ నాయనా. ఇది మా బిడ్డను కోసింది."

"ఇది అంటే? బండి మీదనా, రేకు మీదనా, తలైవర్ మీదనా?"

"కోసిన దాని మీద రాసుకో."

వెట్రివేల్ కాగితం తీసి, మళ్ళీ బండి కేసి చూసి, కలం కింద పెట్టేశాడు. "తలైవర్ ఎదురుగా నిలబడి ఉంటే నేను కూర్చుని ఎట్ల రాసేది పాట్టీ?"

"గోడకేసి తిప్పుతా."

"అయ్యో, ఆయన్ని గోడకు తిప్పుతావా? ఎవరన్నా చూస్తే నా ఉద్యోగం?" కుర్చీలో కాస్త వెనక్కి వాలి హితవు చెప్పాడు. "బిడ్డ ఆడుకుంటా పడింది. అది ఇంటి సంగతి. పెద్దదానివి, బిడ్డను సరిగ్గా చూసుకోవాలి. పో, పో."

కనకమ్మ నడిచి ఇల్లు చేరేలోగా సంగతి ఛైర్మన్‌ను చేరిపోయింది. పాలనలో వేగం అంటే అది. అసలు తలైవర్ గుండె కరిగిపోయిందట. బిడ్డలు పడుతున్నారని ఇంతవరకు ఏ నాయకుడూ గుర్తించలేదట. అందుకని మూడోనాటికల్లా కొత్త పథకం తయారైంది. నడకబండి పొందిన ప్రతి ఇంటికీ ఒక ప్రథమ చికిత్స పెట్టె. ప్రారంభోత్సవం కనకమ్మ ఇంటి ముందే.

వీధికి ఈ కొసనుంచి ఆ కొసదాకా ఫ్లెక్సీలు కట్టారు. ఒకదాని మీద చరిత ఫోటో కూడా పడింది. గడ్డం కట్టు చెరిపేసి, నవ్వు తగిలించారు. గుణశేఖరన్ గారు తెల్లటి చొక్కాలో కారు దిగి, బిడ్డ గడ్డం పట్టుకోబోయి, దినకరన్ చెవిలో ఏదో చెబితే మానుకుని, తల నిమిరి మైకు అందుకున్నారు.

"పడటం కూడా నడకలో భాగమే! పడిన ప్రతి బిడ్డ వెనకా మన బోర్డు ఉంది!"

ఈలలు, చప్పట్లు. దినకరన్ పెట్టె తెచ్చి కనకమ్మ చేతిలో పెట్టాడు. తెల్లటి రేకు పెట్టె. మూత మీద తలైవర్ ముఖం. ముఖం ముందు రెండు రేకు చేతులు. వాటిని విడదీసి లాగితేనే మూత తెరుచుకుంటుంది.

ఈసారి కనకమ్మ వేలు ఆగలేదు. అంచు చుట్టూ తిరిగింది. చివరన చురుక్కుమంది.

"నాయనా, ఈ అంచు..."

"అవ్వా! తలైవర్ మూతి మీద వేలు పెడతావా? అందరూ చూస్తా ఉండారు" అని దినకరన్ పళ్ళు బిగించి పెట్టె లాక్కున్నాడు.

"ఒరే దినకరా, నా గాజుల సద్దుకు నడిచినోడివి. నా మాట విను. ఇది కోస్తాది."

వాడు వినలేదు. తలైవర్ పెట్టె అందుకుని, కెమెరాల కేసి తిరిగి నవ్వి, తన చేతులతో తన చేతులను విడదీశారు.

కెవ్వుమని కేక. తెల్లటి చొక్కా మీద ఎర్రటి చుక్కలు.

"సార్, అట్లాగే ఉండండి, ఇంకొకటి" అన్నాడు ఒక ఫోటోగ్రాఫరు అలవాటుగా.

"మందు! దూది! పెట్టె తెరువు!" అని దినకరన్ అరిచాడు. పెట్టె తెరిచే ఉంది. అందరూ లోపలికి తొంగిచూశారు. దూది లేదు, మందు లేదు, గుడ్డ పేలిక లేదు. అడుగున తలైవర్ ఫోటో ఒకటి అంటించి ఉంది, నవ్వుతూ.

కనకమ్మ తన పాత చీర కొంగు చివర చింపి ఆయన వేలికి కట్టింది. అంత పెద్దమనిషి ఒక్క కుట్టు కూడా పడని గాయానికి, మూడు కుట్లు పడిన చరిత కన్నా గట్టిగా ఏడ్చారు.

మధ్యాహ్నానికల్లా వ్యాను వచ్చింది. ఏ ఆర్డరు కోసమూ ఎవరూ ఆగలేదు. ఇంటింటికీ తిరిగి బండ్లు, పెట్టెలు లాక్కుని ఎత్తేసుకుపోయారు. సుజిత్ పిడి వదలక ఏడిస్తే వేళ్ళు విడదీసి మరీ తీసుకున్నారు.

సాయంత్రం హెడ్ కానిస్టేబుల్ వెట్రివేల్ ఇంటికే వచ్చాడు. ప్రజానాయకుడికి గాయం చేసిన ప్రమాదకర వస్తువు మీద దినకరన్ కంప్లెయింట్ ఇచ్చాడట. కళ్ళారా చూసిన సాక్షి కావాలట. కుర్చీ వేయించుకుని, కూర్చుని, కాగితం తీశాడు. ఈసారి కలం బాగానే కదిలింది. కనకమ్మ నేల మీద కూర్చుని మలారం ఆడిస్తుంటే, చరిత గోడ వదిలి ఆ సద్దు వైపు అడుగులు వేస్తోంది.

"ఆ అంచు పదునని మీకు ఎట్ల తెలుసు పాట్టీ?"

"వేలు పెట్టి చూసినా. దానికి ముందు, ఇదిగో, దీని గడ్డం చూసినా."

"అంటే ముందే తెలుసు?"

"తెలుసు నాయనా."

వెట్రివేల్ రాయడం ఆపాడు. ఎర్ర టోపీ సరిచేసుకున్నాడు. చట్టం ఎంత కఠినంగా ఉండాలో అంత కఠినంగా ఆమె కేసి చూశాడు.

"ముందే తెలిసి, ఎందుకు పాట్టీ కంప్లెయింట్ ఇయ్యలేదు?"